ఫార్మాల్డిహైడ్: పండులో ఉంది, ప్లైవుడ్‌లో ఉంది, మన రక్తంలోనూ ఉంది. మరి భయపడాల్సింది ఎక్కడ?

"శవాలు కుళ్లకుండా వాడే కెమికల్‌ను షాంపూలో కలుపుతున్నారు" అని ఒకరంటారు. "బేరిపండులో అంతకంటే ఎక్కువ ఉంటుంది, మన ఒంట్లోనే తయారవుతుంది, ఊరికే టెన్షన్ పెట్టకండి" అని ఇంకొకరు జవాబిస్తారు. ఈ ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అయినా ఇద్దరి మాటలూ విన్నాక మనకు కావలసిన సమాధానం దొరకదు. కొత్త బీరువా తలుపు తీయగానే కళ్లు మండుతుంటే అది పట్టించుకోవాల్సిన విషయమా కాదా? పసిబిడ్డకు వేసే టీకాలో అది ఉందంటే కంగారు పడాలా? సెలూన్‌లో జుట్టు సాఫీ చేయించుకుంటే ఏమవుతుంది?

ఈ చిక్కుముడి విడాలంటే "అది ఇందులో ఉందా, లేదా" అనే ప్రశ్నను కాసేపు పక్కన పెట్టాలి. ఎందుకంటే దాదాపు అన్నిట్లోనూ ఎంతో కొంత ఉంది. ఎంత ఉంది, ఏ దారిలో ఒంట్లోకి వస్తోంది, ఆ దారిలో దాన్ని పట్టుకుని కరిగించే ఏర్పాటు మనకు ఉందా అన్నవే అసలు ప్రశ్నలు.

## నాలుగు పరమాణువులు, ఒకే ఒక్క గుణం

ఫార్మాల్డిహైడ్ చాలా చిన్న అణువు. ఒక కార్బన్, ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు, అంతే. మైనస్ 19 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి మామూలు వేడిలో అది రంగులేని వాయువు. వాసన మాత్రం ముక్కును పొడిచినట్టు ఉంటుంది. లాటిన్‌లో చీమను ఫార్మికా అంటారు. చీమల్లో ఉండే ఫార్మిక్ ఆమ్లానికి ఆ పేరే వచ్చింది, ఆ ఆమ్లానికి దగ్గరి చుట్టం కాబట్టి దీనికీ అదే పేరు అంటుకుంది. రష్యా రసాయన శాస్త్రవేత్త బట్లరోవ్ 1859లో దీని జాడ పట్టుకున్నాడు. తర్వాత కొన్నేళ్లకే జర్మనీకి చెందిన హాఫ్‌మన్ వేడి ప్లాటినం మీదుగా మిథనాల్ ఆవిరినీ గాలినీ పంపి, ఇది ఫలానా పదార్థమని తేల్చాడు.

ఈ వాయువును నీళ్లలో సుమారు 37% వరకు కరిగించి, స్థిరంగా ఉండటానికి కాస్త మిథనాల్ కలిపితే అదే ఫార్మలిన్. ల్యాబుల్లో గాజు సీసాల్లో కనిపించేది ఇదే. నీళ్లలో కలిసిన ఫార్మాల్డిహైడ్ చాలా వరకు నీటి అణువుతో జతకట్టి మిథిలీన్ గ్లైకాల్ అనే రూపంలోకి మారుతుంది. వేడి చేస్తే మళ్లీ విడిపోయి వాయువై బయటికి వస్తుంది. ఈ పేరు గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని ఉంది.

1893లో ఫెర్డినాండ్ బ్లుమ్ అనే జర్మన్ వైద్యుడు ఫార్మలిన్‌కు క్రిములను చంపే శక్తి ఎంత ఉందో పరీక్షిస్తున్నాడు. పని చేస్తుండగా తన వేళ్ల చర్మమే గట్టిపడటం గమనించాడు. వేళ్లు గట్టిపడితే కణజాలం కూడా గట్టిపడుతుంది కదా అన్న ఆలోచన అక్కడే పుట్టింది. శరీర భాగాలను పరీక్షల కోసం భద్రపరిచే పద్ధతికి అదే మొదలు.

ఆ వేళ్ల మీద జరిగిందేమిటో అర్థమైతే మిగతా కథంతా అర్థమైనట్టే. ఫార్మాల్డిహైడ్ ఒక ప్రొటీన్ గొలుసును పట్టుకుని, పక్కనున్న ఇంకో గొలుసుకు కొక్కెంలా తగిలిస్తుంది. అలా వందల కొక్కేలు పడితే మెత్తనిది బిగుసుకుపోతుంది. బ్యాక్టీరియా ప్రొటీన్లకు కొక్కెం పడితే అది చస్తుంది. యూరియాతో కలిసి కొక్కేలు వేసుకుంటే గట్టి జిగురవుతుంది. నూలు పోగుల మధ్య వేస్తే బట్ట ముడతలు పడదు. విషపదార్థానికి వేస్తే అది కోరలు పీకిన పాములా మారి టీకాగా పనికొస్తుంది. మన ముక్కు లోపలి కణాల్లో, డీఎన్‌ఏ మీద వేస్తే మనకు హాని. మేలు చేసే గుణం ఒకటి, కీడు చేసే గుణం మరొకటి కావు. అన్నిచోట్లా జరిగేది ఈ ఒక్క పనే.

## ప్రకృతిలో ఎక్కడెక్కడ ఉంది

1969లో అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోప్‌తో నక్షత్రాల మధ్య ఉండే మేఘాల్లో ఫార్మాల్డిహైడ్ జాడ దొరికింది. రెండుకు మించి పరమాణువులున్న కర్బన అణువు ఒకటి నక్షత్రాల మధ్య దొరకడం అదే మొదటిసారి. ఏ ఫ్యాక్టరీ లేనిచోట అది తనంతట తానే పుడుతోందన్నమాట.

భూమి మీద గాలిలోనూ అంతే. మీథేన్ గాలిలో నెమ్మదిగా ఆక్సీకరణం చెందుతూ దారిలో ఫార్మాల్డిహైడ్‌గా మారుతుంది. చెట్లు వదిలే ఐసోప్రీన్ అనే ఆవిరి ఎండలో అదే పని చేస్తుంది. అందుకే పెద్ద అడవుల మీద వేసవిలో ఉపగ్రహాలకు కూడా ఫార్మాల్డిహైడ్ కనిపిస్తుంది. కర్రలు కాలినా, సిగరెట్ వెలిగించినా, ఇంజన్ తిరిగినా ఇది పుడుతుంది. అయితే ఆరుబయట ఎక్కువసేపు నిలవదు, ఎండకు కొన్ని గంటల్లోనే విచ్ఛిన్నమైపోతుంది. నాలుగు గోడల మధ్య పరిస్థితి అలా ఉండదు. ఎండ తగలదు, గాలి మారదు, కాబట్టి పేరుకుంటుంది.

ఆహారం సంగతికి వస్తే, పండ్లు కూరగాయల్లో కిలోకు సుమారు 3 నుంచి 60 మిల్లీగ్రాముల దాకా సహజంగానే ఉంటుంది. ఎండబెట్టిన షిటాకే పుట్టగొడుగుల్లో 100 నుంచి 400 మిల్లీగ్రాముల దాకా కొలిచారు. కాడ్ జాతి సముద్రపు చేపల కథ ఇంకా ఆసక్తికరం. ఉప్పునీటిలో బతకడానికి ఆ చేపల ఒంట్లో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. చేప చచ్చాక, ఫ్రీజర్‌లో పెట్టినా సరే, ఒక ఎంజైమ్ దాన్ని విడగొట్టి ఫార్మాల్డిహైడ్ పుట్టిస్తుంది. ఎక్కువ రోజులు గడ్డకట్టించిన చేప మాంసం పీచుపీచుగా, గట్టిగా మారడానికి ఇదొక కారణం. బ్లుమ్ వేళ్లకు జరిగిందే చేపకూ జరుగుతోందన్నమాట.

ఇక్కడే పెద్ద గందరగోళం పుడుతుంది. చేప మీద ఫార్మలిన్ చల్లి అమ్మడం నిజంగా జరిగే మోసం, దాన్ని పట్టుకోవాల్సిందే. కానీ పరీక్షలో ఫార్మాల్డిహైడ్ కనిపించినంత మాత్రాన కల్తీ జరిగిందని చెప్పలేం. ఆ జాతి చేపలో సహజంగా ఎంత ఉంటుందో ముందు తెలియాలి. బంగ్లాదేశ్‌లో 2014 ప్రాంతంలో అధికారులు ఫార్మలిన్ కలిపారంటూ టన్నులకొద్దీ పండ్లను ధ్వంసం చేశారు. వాళ్లు వాడిన మీటర్ గాలిలో ఫార్మాల్డిహైడ్‌ను కొలవడానికి తయారైనదని, పండ్లకు పనికిరాదని తర్వాత బయటపడింది. పైగా పండు తొక్క మీద ఫార్మలిన్ పూసినా పెద్ద ప్రయోజనం ఉండదు, అది బిగించేది ప్రొటీన్‌ను, పండులో ప్రొటీన్ చాలా తక్కువ. ఆ పండ్లు పండించిన రైతుల నష్టం గురించి ఆలోచిస్తే, "ఉందా లేదా" అన్న ప్రశ్న ఎంత ప్రమాదకరమో తెలుస్తుంది.

## మన ఒంట్లో ప్రతి నిమిషం

ఏ కాలుష్యమూ లేని మనిషి రక్తంలో కూడా లీటరుకు దాదాపు 2.6 మిల్లీగ్రాముల ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. పెద్దవారిలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది కాబట్టి, ఈ క్షణంలో మీ రక్తంలో 13 మిల్లీగ్రాములు తిరుగుతోంది. ఇది వ్యర్థం కూడా కాదు. జన్యువులను ఆన్, ఆఫ్ చేసే పనుల్లో, కొన్ని అమైనో ఆమ్లాలు విడిపోయేటప్పుడు ఇది పుడుతుంది. డీఎన్‌ఏ నిర్మాణానికి కావలసిన ఒక్కో కార్బన్‌ను అందించే పనిలో కరిగిపోతుంది. రక్తంలో ఉన్నదానిలో సగం ఒకటి, ఒకటిన్నర నిమిషాల్లో ఖర్చయిపోతుంది, అంతలోనే కొత్తది వస్తుంది. ఈ లెక్కన శరీరంలో రోజుకు కిలో బరువుకు 878 నుంచి 1310 మిల్లీగ్రాముల ఫార్మాల్డిహైడ్ పుట్టి ఖర్చవుతుందని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2014లో అంచనా వేసింది. ఆహారం ద్వారా మనిషికి అందేది రోజు మొత్తానికి 100 మిల్లీగ్రాములు దాటకపోవచ్చని అదే సంస్థ లెక్క.

1985లో వెలువడిన ఒక ప్రయోగంలో, కొందరు 1.9 పీపీఎం ఫార్మాల్డిహైడ్ ఉన్న గాలిని 40 నిమిషాలు పీల్చారు. పీపీఎం అంటే పది లక్షల భాగాల గాలిలో ఒక భాగం. 1.9 అంటే మామూలు ఇంటి గాలితో పోలిస్తే చాలా ఎక్కువ. అయినా వాళ్ల రక్తంలో దాని మోతాదు గుర్తించదగినంతగా మారలేదు.

చాలా వ్యాసాలు ఇక్కడితో ఆగి, "చూశారా, ఇది సహజమే, భయమే లేదు" అని ముగిస్తాయి. నాకు ఆ ముగింపు నచ్చదు, అది సగం నిజమే కాబట్టి. మన ఒంట్లో పుట్టే ఫార్మాల్డిహైడ్ కూడా డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. దాన్ని అదుపులో పెట్టడానికి కణాలు రెండు పెద్ద ఎంజైమ్‌లను కాపలా పెట్టుకున్నాయి, వాటి పేర్లు ఏడీహెచ్5, ఏఎల్‌డీహెచ్2. ఆ రెండూ సరిగా పనిచేయని పిల్లల గురించి 2020లో పరిశోధకులు వివరించారు. వాళ్లకు ఎముక మజ్జ దెబ్బతింటుంది, ఎదుగుదల కుంటుపడుతుంది. బయటినుంచి వచ్చిన కాలుష్యం వల్ల కాదు, సొంత శరీరం తయారుచేసిన ఫార్మాల్డిహైడ్ వల్లే. అంటే "ఒంట్లో ఉంది కాబట్టి హాని లేదు" అనడం తప్పు. కాపలా ఉన్నచోట, కాపలాకు సరిపడినంత వరకే హాని లేదు.

## పండు 12, గాలి 2: మిల్లీగ్రాములు ఎందుకు మోసం చేస్తాయి

ఒక చిన్న లెక్క వేద్దాం. 200 గ్రాముల బేరిపండులో, కిలోకు 60 మిల్లీగ్రాముల చొప్పున ఎక్కువలో ఎక్కువ అనుకున్నా, 12 మిల్లీగ్రాముల ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. గది గాలిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము. రోజంతా అలాంటి గాలిలోనే ఉండి 20 ఘనపు మీటర్లు పీల్చారనుకుంటే లోపలికి వెళ్లేది 2 మిల్లీగ్రాములు. అంకెలే చూస్తే పండు ఆరు రెట్లు ప్రమాదం అనిపిస్తుంది. నిజం దీనికి తలకిందులుగా ఉంటుంది.

పండులోని ఫార్మాల్డిహైడ్ చాలా వరకు ఇతర పదార్థాలకు అతుక్కునే ఉంటుంది. కడుపులో, పేగు గోడల్లో, కాలేయంలో దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మార్చే ఎంజైమ్‌లు దండిగా ఉన్నాయి. గాలిలో ఉన్నది అలా కాదు. అది నీళ్లలో ఇట్టే కరుగుతుంది కాబట్టి, ముక్కు లోపలి తడి పొరకు తగలగానే అక్కడే ఆగిపోతుంది. ఎలుకల్లో పీల్చినదానిలో 90%కి పైగా ముక్కులోనే నిలిచిపోతుందని తేలింది. మొత్తం శరీరానికి పంచితే కనిపించకుండా పోయే 2 మిల్లీగ్రాములు కాస్తా ముక్కు లోపలి పలచని పొర మీదే పడతాయి. రక్తంలో మోతాదు మారకపోయినా ముక్కు ఎందుకు దెబ్బతింటుందో దీనితో తెలుస్తుంది.

చర్మానిది మూడో దారి, అక్కడి నియమం ఇంకోలా ఉంటుంది. చర్మం గుండా లోపలికి వెళ్లేది చాలా తక్కువ. కానీ కొందరిలో రోగనిరోధక వ్యవస్థ దీన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఒకసారి అలా అయ్యాక చాలా కొద్ది మోతాదుకే దురద, దద్దుర్లు వస్తాయి. చర్మ అలర్జీ అనుమానంతో ప్యాచ్ పరీక్ష (అనుమానం ఉన్న పదార్థాన్ని చర్మానికి అంటించి చూడటం) చేయించుకున్నవారిలో దీనికి స్పందించేవారు అమెరికాలో 8–9%, యూరప్‌లో 2–3% ఉన్నట్టు అధ్యయనాలు చూపాయి. యూరప్‌లో కాస్మెటిక్స్‌లో దీని వాడకం తక్కువ కావడం ఆ తేడాకు ఒక కారణమని భావిస్తున్నారు.

## చెక్క పొడి బోర్డులు: ఇంట్లో అసలు మూలం

ఇంటి గాలిలో ఫార్మాల్డిహైడ్‌కు పెద్ద మూలం చాలాసార్లు మన ఫర్నిచరే. పార్టికల్ బోర్డ్, ఎండీఎఫ్, కొన్ని రకాల ప్లైవుడ్ చెక్కపొడినీ పొరలనూ జిగురుతో అతికించి చేసినవి. చవకగా, తొందరగా గట్టిపడే జిగురు యూరియా ఫార్మాల్డిహైడ్. దానిలో ఒక బలహీనత ఉంది. తేమ, వేడి తగిలితే అది కొద్దికొద్దిగా విడిపోతుంది. అంటే కొత్తలో మిగిలిపోయిన వాయువు ఒకసారి బయటికి పోయి అయిపోయే వ్యవహారం కాదు. మొదటి నెలల్లో ఎక్కువగా వచ్చి తర్వాత తగ్గుతుంది, కానీ ఉక్కపోత రోజుల్లో మళ్లీ పెరుగుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే విడుదల రెండు, మూడు రెట్లు అవుతుంది. ఫీనాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు దీనికంటే గట్టిది, నీటికి అంత సులువుగా విడిపోదు. అందుకే నీటికి తట్టుకునే ప్లైవుడ్‌లో దాన్ని వాడతారు, దాని నుంచి వచ్చే వాయువు కూడా తక్కువే.

ఒక గదిని తీసుకుందాం. పొడవు 4, వెడల్పు 3, ఎత్తు 2.5 మీటర్లు, మొత్తం 30 ఘనపు మీటర్లు. అందులో బీరువా, మంచం, బల్ల కలిపి 10 చదరపు మీటర్ల బోర్డు ఉంది, చదరపు మీటరుకు గంటకు 0.1 మిల్లీగ్రాము చొప్పున వదులుతోంది అనుకుందాం. గంటకు 1 మిల్లీగ్రాము గదిలో చేరుతుంది. కిటికీలు మూసి ఉండి, సందుల గుండా గంటకు గది గాలిలో ఐదో వంతు మాత్రమే మారుతుంటే, బయటికి పోయేది 6 ఘనపు మీటర్లు. కొంతసేపటికి గాలిలో మోతాదు 1ని 6తో భాగిస్తే వచ్చే 0.17 (ఘనపు మీటరుకు మిల్లీగ్రాముల్లో) దగ్గర నిలుస్తుంది. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి దాటినట్టే. గంటకు సగం గాలి మారితే 0.067. కిటికీలు తెరిచి గంటకు రెండుసార్లు మారితే 0.017. బోర్డు అదే, గది అదే, తేడా పది రెట్లు. ఇక అదే గది వేడెక్కి విడుదల మూడింతలైతే, కిటికీలు మూసి ఉంటే 0.5కు చేరుతుంది. కళ్లు మండటం, గొంతు గరగరలాడటం మొదలయ్యే స్థాయి ఇది.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. 2005లో కత్రినా తుఫాను తర్వాత ఇళ్లు పోయిన అమెరికన్లకు ప్రభుత్వం ట్రైలర్ ఇళ్లు ఇచ్చింది. చిన్న చోటు, నిండా చవక బోర్డులు, గట్టిగా మూసుకునే కిటికీలు. జనం కళ్ల మంటలు, దగ్గు, ముక్కు నుంచి రక్తం అంటూ చెప్పుకుంటూనే ఉన్నారు. చివరికి 2007 డిసెంబరు, 2008 జనవరి నెలల్లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 519 ట్రైలర్లలో గాలిని కొలిచింది. సగటు 0.077 పీపీఎం, అంటే దాదాపు ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి (పీపీఎంలో సుమారు 0.08) అంచున. అత్యధికం 0.59 పీపీఎం. అదీ చలికాలంలో. అప్పటికే రెండు వేసవులు అందులో గడిపిన కుటుంబాలు ఎంత పీల్చాయో ఈ కొలతల్లో లేదు. నన్ను బాధపెట్టేది అదే.

ఆ ఘటన తర్వాత 2010లో అమెరికా బోర్డుల మీద జాతీయ చట్టం చేసింది. యూరప్‌లో ఈ1 అనే పాత ప్రమాణం పరీక్ష గది గాలిలో ఘనపు మీటరుకు 0.124 మిల్లీగ్రాములు అనుమతించేది. 2026 ఆగస్టు నుంచి అక్కడ ఫర్నిచర్, చెక్క వస్తువులకు ఆ పరిమితిని 0.062కు, అంటే సరిగ్గా సగానికి తగ్గిస్తున్నారు.

గదిలో మొక్కలు పెడితే పీల్చేసుకుంటాయన్న మాట తరచూ వినిపిస్తుంది. అది 1989లో నాసా చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. ఆ మొక్కలను పెట్టింది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో. 2019లో పాత ప్రయోగాలన్నిటినీ తిరిగి లెక్కించినప్పుడు, మామూలు గాలి మార్పిడితో సమానమైన ఫలితం రావాలంటే చదరపు మీటరు నేలకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది.

## షాంపూలో నెమ్మదిగా, సెలూన్‌లో ఒక్కసారిగా

షాంపూ, లోషన్ అంటే ఎక్కువ భాగం నీళ్లు, పైగా సూక్ష్మజీవులకు ఆహారం. ఏదో ఒక ప్రిజర్వేటివ్ లేకుండా అవి పాడవుతాయి. ఫార్మాల్డిహైడ్‌ను నేరుగా కలపడం ఇప్పుడు అరుదు, యూరప్‌లో 2019 నుంచి నిషేధం. దానికి బదులు డీఎండీఎం హైడాంటోయిన్, ఇమిడాజోలిడినైల్ యూరియా, డయాజోలిడినైల్ యూరియా లాంటివి కలుపుతారు. ఇవి సీసాలో ఉండగానే కొద్దికొద్దిగా ఫార్మాల్డిహైడ్‌ను వదులుతుంటాయి. లేబుల్ మీద ఫార్మాల్డిహైడ్ అన్న మాట కనిపించకపోవడానికి ఇదే కారణం. యూరప్‌లో తుది ఉత్పత్తిలో విడుదలైనది 0.05% దాటితే హెచ్చరిక రాయాలన్న పాత నియమాన్ని 2022లో మార్చి 0.001%కి తగ్గించారు. అలర్జీ ఉన్నవారికి పాత గీత ఏమాత్రం సరిపోలేదన్నదే ఆ మార్పుకు కారణం.

అలాగని వీటిని తీసేస్తే సమస్య తీరిపోదు. కంపెనీలు వీటి బదులు మిథైల్ ఐసోథయజోలినోన్ అనే ప్రిజర్వేటివ్‌ను విరివిగా వాడటం మొదలుపెట్టాక, యూరప్‌లో దానికే అలర్జీలు వెల్లువెత్తాయి. చివరికి కడగకుండా ఒంటి మీద వదిలేసే క్రీములు, లోషన్లలో దాన్నీ నిషేధించాల్సి వచ్చింది.

షాంపూ వాడి కడిగేసేవారికి, చర్మానికి అలర్జీ లేకపోతే, ప్రమాదం చాలా తక్కువ. జుట్టు సాఫీ చేసే కొన్ని కెరటిన్ ట్రీట్‌మెంట్ల సంగతి పూర్తిగా వేరు. వాటిలో మందు రాసి, 200 డిగ్రీలు దాటిన ఇస్త్రీ పరికరంతో జుట్టును వేడి చేస్తారు. ఇందాక గుర్తుంచుకోమన్న మిథిలీన్ గ్లైకాల్ ఇక్కడికే వస్తుంది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్ర కార్మిక భద్రతా విభాగం 2010లో ఒక ట్రీట్‌మెంట్ మందును పరీక్షిస్తే, "ఫార్మాల్డిహైడ్ లేనిది" అని రాసి ఉన్న సీసాల్లో సగటున 8%కి పైగా బయటపడింది. అందులో ఉన్నది మిథిలీన్ గ్లైకాల్ అని, ఫార్మాల్డిహైడ్ కాదని వాదన వచ్చింది. కానీ వేడి తగలగానే అది విడిపోయి వాయువవుతుంది, ఆ వాయువు వెలువడేది సరిగ్గా ముక్కు దగ్గర. కస్టమర్ కొన్ని నెలలకు ఒకసారి పీలుస్తారు. ఆ పని చేసే అమ్మాయి రోజూ పీలుస్తుంది.

ముడతలు పడని దుస్తుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పోగుల మధ్య కొక్కేలు వేసే రెసిన్ నుంచి కొంత మిగులు ఉంటుంది, ఒకసారి ఉతికితే చాలా భాగం పోతుంది. దీనికి అలర్జీ ఉన్నవారికి మాత్రం మెడ, చంకల దగ్గర దద్దుర్లు రావచ్చు.

## టీకా లెక్క

కొన్ని టీకాల తయారీలో వైరస్‌ను చంపడానికి, విషాన్ని నిర్వీర్యం చేయడానికి ఫార్మాల్డిహైడ్ వాడతారు. 1920లలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త గాస్టన్ రమోన్ డిఫ్తీరియా విషాన్ని ఇలాగే మచ్చిక చేశాడు. 1955లో వచ్చిన సాల్క్ పోలియో టీకాలోనూ ఇదే పద్ధతి. తర్వాత దాన్ని వడపోసి తీసేస్తారు, మిగిలేది డోసుకు ఎక్కువలో ఎక్కువ 0.1 మిల్లీగ్రాము.

5 కిలోల బిడ్డలో సుమారు 400 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. లీటరుకు 2.6 మిల్లీగ్రాముల చొప్పున ఆ రక్తంలో ఇప్పటికే దాదాపు 1 మిల్లీగ్రాము ఉంది. టీకాలో ఉన్నది దానిలో పదో వంతు, పైగా అది కండరంలోనే తొందరగా కరిగిపోతుంది. మూడు నెలలు కొత్త బోర్డు వాసన పీల్చడం ఎలాంటిదో ఇది అలాంటిది కాదు. ఒక్కసారి, కాపలా పటిష్ఠంగా ఉన్నచోట, ఒంట్లో ఉన్నదానికంటే తక్కువ మోతాదు. ఈ లెక్క ముందు భయానికి ఆధారం నాకు కనిపించదు.

## క్యాన్సర్: ఎక్కడ ఒప్పుకున్నారు, ఎక్కడ వాదిస్తున్నారు

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ముక్కు వెనక, గొంతు పైభాగంలో వచ్చే క్యాన్సర్‌కు ఆధారాలు సరిపడినంత ఉన్నాయని చెప్పింది. 2009లో రక్త క్యాన్సర్‌ను కూడా జతచేసింది. ఈ జాబితా చెప్పేది ఆధారం ఎంత గట్టిదో మాత్రమే, ప్రమాదం ఎంత పెద్దదో కాదు.

మోతాదు దగ్గరే అసలు వాదన. 1980 ప్రాంతంలో ఎలుకల మీద చేసిన పెద్ద ప్రయోగంలో, రెండేళ్ల పాటు 2 పీపీఎం పీల్చిన ఎలుకల్లో ఒక్కదానికీ ముక్కు క్యాన్సర్ రాలేదు. 5.6 దగ్గర రెండు ఎలుకలకు వచ్చింది. 14.3 దగ్గర దాదాపు సగం ఎలుకలకు వచ్చింది. మోతాదు రెండున్నర రెట్లు పెరిగితే క్యాన్సర్ పదుల రెట్లు పెరిగింది. ముక్కు పొర చచ్చి, మళ్లీ పెరిగి, మళ్లీ చచ్చే స్థాయి వరకు వెళ్తేనే క్యాన్సర్ వస్తుందని, అంతకంటే కింద సురక్షితమైన గీత ఒకటి ఉంటుందని ఒక వర్గం దీన్నుంచి తేల్చింది. జర్మనీ ప్రమాద అంచనా సంస్థ 2006లో 0.1 పీపీఎం దగ్గర క్యాన్సర్ ప్రమాదం దాదాపు ఉండదని చెప్పింది ఈ తర్కంతోనే. రెండో వర్గం మాట వేరు. కాపలా అందరిలో ఒకేలా ఉండదు, పిల్లలూ ఆస్తమా ఉన్నవారూ ఉంటారు, ఒంట్లో ఇప్పటికే ఉన్న భారానికి బయటిది తోడవుతుంది కాబట్టి "ఇక్కడివరకూ సున్నా" అని గీత గీయలేం అంటారు.

రక్త క్యాన్సర్ దగ్గర చిక్కు ఇంకా ముదురుతుంది. ముక్కు దాటని వాయువు ఎముక మజ్జను ఎలా చేరుతుంది? దీన్ని తేల్చడానికి 2010 ప్రాంతంలో చక్కని ప్రయోగం చేశారు. బరువైన కార్బన్, బరువైన హైడ్రోజన్‌తో తయారుచేసిన ఫార్మాల్డిహైడ్‌ను ఎలుకల చేత, తర్వాత కోతుల చేత పీల్పించారు. దానితో బయటినుంచి వచ్చినదాన్ని, ఒంట్లో పుట్టినదాన్ని వేరుచేసి చూడగలిగారు. డీఎన్‌ఏ మీద బయటి ఫార్మాల్డిహైడ్ వేసిన గుర్తులు ముక్కులో దొరికాయి, మజ్జలో దొరకలేదు. మజ్జలో కనిపించినవన్నీ సొంత శరీరం వేసినవే. ఇంకోపక్క, శవాలను భద్రపరిచే పనిలో ఏళ్ల తరబడి ఉన్నవారిలో మైలాయిడ్ ల్యుకేమియా అనే రకం రక్త క్యాన్సర్ ఎక్కువగా కనిపించిందని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 2009 అధ్యయనం చెప్పింది. ఎలా జరుగుతోందో తెలియనంత మాత్రాన ఆ మరణాలను పక్కన పెట్టలేమని నా అభిప్రాయం.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2024 ఆగస్టులో తన సమీక్ష ముగించి, రక్త క్యాన్సర్‌తో సహా ఆధారాలు నిలుస్తాయని చెప్పింది. జీవితాంతం పీల్చినా, క్యాన్సర్ కాకుండా మిగతా హాని ఉండదనదగిన స్థాయిని ఘనపు మీటరుకు 0.007 మిల్లీగ్రాముగా పెట్టింది. మామూలు ఇళ్లలో గాలి దీనికంటే ఎక్కువే ఉంటుంది కదా, ఈ అంకెతో ఏం చేయాలి అని పరిశ్రమ, కొందరు విషశాస్త్ర నిపుణులు అడిగారు. ఆ అంకె కింద అలాంటి హాని ఉండదని చెప్పడమే తప్ప, దాటితే జబ్బు వస్తుందని చెప్పడం లేదన్నది సమర్థించేవారి జవాబు.

ఇన్ని అంకెల మధ్య నాకు ఎక్కువగా కనిపించే తేడా ఒకటుంది. ఇంటి గాలికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి దాదాపు 0.08 పీపీఎం. అదే వాయువును రోజుకు 8 గంటలు పీలుస్తూ పనిచేసే ల్యాబ్ టెక్నీషియన్‌కు, బోర్డు ఫ్యాక్టరీ కార్మికుడికి, శవాలను సిద్ధం చేసే మనిషికి, సెలూన్ అమ్మాయికి యూరప్ అనుమతించేది 0.3. అమెరికాలో 1992 నుంచి ఇప్పటికీ అమల్లో ఉన్నది 0.75.